సంతకం లేని కాగితం

ఈనె తీసి, మూడు ముక్కలుగా విరిచి, గిన్నెలో వేయాలి. రెండు గంపల బీన్స్ కాయలు. ఏటా ఆగస్టులో మా అత్తగారు వెర్నా ఇంట్లో, చలికాలానికి సీసాలకెత్తే పని. "నీ చెయ్యి చురుకు తల్లీ" అని ఏటా అనేసి ఆవిడ కుర్చీలో కూర్చుంటుంది. ఇక్కడి మర్యాద ప్రకారం నేను ఆవిడను మిస్ వెర్నా అంటాను. ఈసారి మాత్రం పిలవకుండానే వచ్చాను. ఆవిడ చేత ఒక ఉత్తరం రాయించుకోవాలి.

పదకొండో తరగతిలో బడి మానేశాను. తర్వాత ఇంట్లోనే చదివి పరీక్ష గట్టెక్కి రిజర్వు సైన్యంలో చేరాను. నెలకోసారి శని ఆదివారాలు శిక్షణ. చెరువు నీళ్లను తాగే నీళ్లుగా మార్చే యంత్రం నాది. మొదటి గ్లాసు నేనే తాగి చూపించాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. ఆ యంత్రం దగ్గర నన్నెవరూ తల్లీ అనలేదు, పిల్లా అనలేదు. నేను ముందు తాగితే చాలు, నలభై మంది మారుమాటాడకుండా తాగేవాళ్లు. అలా నా మాట నమ్మినవాళ్లను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మా పాప మేసీ పుట్టాక సార్జెంటు ఒక కాగితం ఇచ్చాడు. శిక్షణ రోజుల్లో బిడ్డను ఎవరు చూసుకుంటారో వాళ్లు అందులో సంతకం పెట్టాలి. నా మొగుడు డ్వేన్ దాన్ని చదవను కూడా లేదు. "వారమంతా కలప లారీ తోలి వస్తే శనివారం నన్ను ఆయా పనిలో పెడతావా షెల్బీ?" అన్నాడు. వెర్నా అయితే కాదనలేదు. "ఆలోచించి చెబుతాలే తల్లీ" అంది. మూడు నెలలు ఆలోచించింది. మూడు శిక్షణలు పోయాయి. ఒక్కో శిక్షణకు పూటకొకటి చొప్పున నాలుగు గైర్హాజర్లు లెక్క, తీసేయడానికి తొమ్మిదైతే చాలు. నావి పన్నెండయ్యాయి. ఫోన్ చేసి చెప్పుకున్నాను. "కాగితం తీసుకురా" అన్నాడు సార్జెంటు. చివరికి బిడ్డను చంకలో పెట్టుకుని, పోస్టు మనిషికి సంతకం పెట్టి నా విడుదల పత్రం నేనే అందుకున్నాను. గౌరవప్రదం కాని పరిస్థితుల్లో విడుదల, అని ఉంది అందులో.

నాలుగేళ్లు దాన్ని తువాళ్ల కింద దాచాను. ఈ వేసవిలో మా ఊరి నీటి సరఫరా కేంద్రంలో మనిషి కావాలంటే వెళ్లాను. ఆ యంత్రాలు చూడగానే చేతులు గుర్తుపట్టాయి. అక్కడి పెద్దాయన పత్రం చూసి, "ఏం దొంగిలించావమ్మాయ్?" అని నవ్వి, బల్ల మీంచి నా వైపు తోసేశాడు. "ఇది మార్పించుకుని రా, చూద్దాం."

మార్చమని సైన్యంవారి సమీక్ష బోర్డును అడగవచ్చట. మాజీ సైనికులకు కాగితాలు రాసిపెట్టే లూథర్ అనే ముసలాయన చెప్పాడు. "వాళ్లు నీ ఫైలు చూస్తారు, నీ మొహం కాదు. బిడ్డను చూసేవాళ్లు లేరని నువ్వంటే అది సాకు. మేమే ఒప్పుకోలేదని ఇంట్లోవాళ్లు రాసిస్తే సాక్ష్యం. అయినా ఎక్కువగా కాదనే అంటారు. అదీ ఏడాదికో, ఏడాదిన్నరకో."

అందుకే ఈ బీన్స్. ఒక గంప అయ్యేదాకా నోరు తెరవలేదు. పెరట్లో మేసీ గొంతు కాస్త ఆగితే చాలు, లేచి కిటికీలోంచి చూసి వస్తున్నాను. రెండో గంపలో సగానికి వచ్చాక అడిగాను.

"దానికేం తల్లీ" అంటూ ఆవిడ వెంటనే కాగితం తీసింది. చర్చిలో పెళ్లి పిలుపులు రాసే దస్తూరీ ఆవిడది. రాసి, కళ్లజోడు సర్దుకుని, పైకి చదివింది.

"మా కోడలు షెల్బీ లాంటి తల్లి ఈ చుట్టుపక్కల లేదు. ఒక్క పూట కూడా బిడ్డను వదిలి ఉండలేదు. సైన్యం కంటే బిడ్డే ముఖ్యమని తనకు తానుగా నిర్ణయించుకుంది."

చేతిలో కాయ విరగలేదు. "మిస్ వెర్నా, నేను మిమ్మల్ని అడిగాను. ఇదే బల్ల దగ్గర. మూడుసార్లు."

"నాకు గుర్తులేదే. నువ్వు అడిగితే నేను కాదంటానా?"

గుమ్మంలో చేపల గాలం సర్దుకుంటున్న డ్వేన్ తల ఎత్తకుండానే అన్నాడు. "మా అమ్మ అంత చక్కగా పొగిడితే ఇంకా ఏడుపేమిటి?"

పొగడ్తే మరి. ఎవరికి చూపించినా పొగడ్తే అంటారు. మంచి తల్లి అంది, ఆ మాటతోనే తలుపు గడియ పెట్టేసింది. కాదంటే నేను చెడ్డ తల్లిని. అవునంటే సైన్యాన్ని నేనే వదులుకున్నదాన్ని. తిట్టి ఉంటే కనీసం ఎదురు చెప్పేదాన్ని కదా అనుకున్నాను. అంతలో ఆవిడ ఉత్తరంతో పాటు ఇంకో కాగితం నా ముందుకు జరిపింది. వచ్చే నెల ఆవిడ మోకాలికి ఆపరేషన్. ఆరు వారాలు స్నానం, మరుగుదొడ్డి, మందులు ఎవరు చూస్తారో ఆసుపత్రివాళ్లకు రాసివ్వాలి. కింద ఒక గీత, సంతకానికి.

"ఆలోచించి చెబుతాను మిస్ వెర్నా" అన్నాను. నా గొంతులోంచి ఆవిడ మాటే వచ్చింది. ఆవిడకు అది తెలియలేదు.

ఆవిడ నవ్వింది. కోపం లేదు, జాలి కూడా లేదు. "ఆలోచించడానికేముంది తల్లీ? నువ్వు తప్ప ఎవరున్నారు?"

డ్వేన్ గాలం తీసుకుని బయటికి వెళ్లాడు. నేను చేతులు తుడుచుకుని సంతకం పెట్టాను. మిగిలిన కాయలు కూడా విరిచాను.

సోమవారం లూథర్ దగ్గరికి వెళ్లాను. వెర్నా ఉత్తరం తీసుకెళ్లలేదు. అప్పటినుంచీ దాచుకున్న సార్జెంటు కాగితం, సంతకం లేనిది, బోర్డుకు పంపే కవరులో పెట్టాను. దాని వెనకే ఆసుపత్రి కాగితం నకలు పెట్టాను, నా సంతకం ఉన్నది.

"ఇది దేనికి? దీనికీ సైన్యానికీ ఏం సంబంధం?" అన్నాడు లూథర్.

"మా ఇంట్లో సంతకం పెట్టేది ఎవరో వాళ్లు కూడా చూడనీ."

ఆయన రెండు కాగితాలనూ బయటికి తీసి, పక్కపక్కన పెట్టి చూసి, మళ్లీ కవరులో పెట్టి ఇచ్చాడు. "దీనివల్ల ఏమీ మారదమ్మాయ్."

"తెలుసు" అన్నాను, కవరు అంచు నాలుకతో తడుపుతూ.