సరిహద్దు బండను జరిపిందెవరు?

మెల్కియోర్ చేతులు వెనక్కి విరిచి ఆవుతాడుతో కట్టేశారు. ఎగువూరి రాతిపనివాడైన అతణ్ణి దిగువూరివాళ్ళు సరిహద్దు బండ దాకా ఈడ్చుకొచ్చారు. ఆవులపాకంత గ్రానైట్ బండ అది. ఎవరూ కదపలేరనే మా తాతలు దానిమీద శిలువ చెక్కి, రెండూళ్ళ మేతనేలకూ హద్దుగా పెట్టుకున్నారు. ఇప్పుడది దిగువూరి గడ్డి మధ్యలో ఉంది.

"బండ నడిచొచ్చిందా?" దిగువూరి పశువులకాపరి ఉయెలి అరిచాడు. "పాతదాన్ని పగలగొట్టి, ఈ బండమీద కొత్త శిలువ చెక్కావు. ఎగువూళ్ళో ఉలి పట్టేది నువ్వొక్కడివేగా!"

"నీ ఆవు పాలు ఎగ్గొట్టినా నా ఉలిదే తప్పంటావురా నువ్వు!"

ఎవరూ నవ్వలేదు. మా ఆరే నది లోయలో హద్దు జరిపినవాణ్ణి మంచు పడకముందే పెళ్ళాంబిడ్డలతో సహా వెళ్ళగొడతారు. చచ్చాక వాడు నిప్పులా మండే హద్దురాయి మోస్తూ కొండల్లో తిరుగుతాడనీ చెబుతారు. రెండూళ్ళ పెద్ద కాస్పర్ తీర్పు చెప్పడానికి కర్ర ఎత్తాడు.

"ఆగు పెదనాన్నా!" మెల్కియోర్ భార్య వెరేనా బండెక్కింది. "ఇలా వచ్చి శిలువ చూడు."

కాస్పర్ వేలితో తడిమాడు. చెక్కిన గాడి నిండా పసుపుపచ్చటి రాతిపాచి గట్టిగా అతుక్కుని ఉంది.

"ఏళ్ళనాటి మా ఇంటి గడపరాతికి కూడా ఇంత పట్టలేదు," అంది వెరేనా. " ఇది తాతల నాటి శిలువే."

"అయితే బండనే జరిపాడు!" అన్నాడు ఉయెలి.

"భుజానేసుకునా? నిన్న పాలబిందె ఎత్తి నడుం పట్టేసిందని ఏడ్చాడీయన!"

ఈసారి నవ్వారు. కానీ ఎవరూ తాడు విప్పలేదు. బండ జరిగిన మాట నిజమేగా?

వెరేనా కిందకి దిగి బండ వారన చెయ్యి పెట్టింది. మండువేసవిలో మట్టి చల్లగా, తడిగా ఉంది. "ఉయెలీ, ఇక్కడ తవ్వు. నువ్వు తవ్వితేనే నీకు నమ్మకం."

ఉయెలి గొణుక్కుంటూ గునపం దింపాడు. గడ్డి లేచింది, మట్టి లేచింది, గులకరాళ్ళు లేచాయి. తర్వాత గునపం ఖంగుమంది.

నీలంగా మెరిసే మంచు!

మట్టి కప్పుకుని, పైన గడ్డి మొలిపించుకుని, ఆ మంచు నదిలా మెల్లగా అందరి కాళ్ళకిందా కిందికి జారుతోంది. దాని అడుగున ఇరుక్కున్న రాళ్ళు గ్రానైట్ నేలను గీరుతున్నాయి. మంచు అంచు దాటిన చోట బయటపడిన, అద్దంలా నునుపెక్కిన ఆ నేలమీద గీతలన్నీ లోయ దిగువకే సాగాయి.

కాస్పర్ తలెత్తి ఎదుటి కొండగోడను చూశాడు. చర్చి శిఖరాలు పది పేర్చినా అందనంత ఎత్తున అవే గీతలు, అదే దిక్కుకు. చిన్నప్పుడు వాటిని దెయ్యం గోళ్ళని చెప్పి అతణ్ణి భయపెట్టేవాళ్ళు.

"ఈ మంచు ఒకప్పుడు అంత ఎత్తునా?" అన్నాడు ఉయెలి. తనే వెళ్ళి తాడు విప్పాడు. "అన్నా, కొత్త హద్దు ఆ గోడమీదే చెక్కు. నిచ్చెన నేను పడతా."

"జారిపోతే?"

"కింద నేనుంటాగా, నీ పొట్ట నామీదే పడుద్ది!"

నేరస్థుడి పేరు లోయంతా వినబడేలా పెద్ద ప్రకటిస్తే తప్ప మాలో తగువు తీరదు. కాస్పర్ బండెక్కి, రెండు చేతులూ నోటిచుట్టూ దోసిలిలా పెట్టుకున్నాడు.

"వినండర్రా! ఈ బండను మోసుకొచ్చింది, ఈ కొండల్ని చీల్చి మనకింత లోయ తవ్విపెట్టింది ఒక్కరే. మంచునది!"