ముప్పై ఆరు రీలులో నలభై బొమ్మలు

నాకున్నది ఒక్కటే కన్ను. అదీ ఎవరైనా బటన్ నొక్కితేనే తెరుచుకుంటుంది, తెరుచుకున్న క్షణంలోనే మూసుకుంటుంది. మిగతా కాలమంతా నేను చెవులతోనే కాపురం చేస్తాను. మీరు రెండేసి కళ్ళు పొద్దున్నుంచి తెరుచుకుని తిరుగుతారు కదా, సాయంత్రం ఏం చూశారని అడిగితే తల గోక్కుంటారు. నేను రెప్పపాటులో చూసినది యాభై ఏళ్ళు భద్రంగా ఉంటుంది. రీలు కెమెరాను మరి, కాస్త గర్వం ఉంటుంది. ఏమనుకోకండి.

పుట్టింది జపానులో. తెల్లకోట్లు వేసుకున్న ఆడపిల్లలు వరుసగా కూర్చుని, గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేంత చిన్న స్ప్రింగులు నా కడుపులో అమర్చారు. ఓడలో ఇంజనీరుగా పనిచేసే ఒకాయన నన్ను కొనుక్కుని సముద్రాలన్నీ తిప్పాడు. అన్ని దేశాలు తిరిగీ ఆయన ఫోటోలు తీసింది మాత్రం తన ఓడకే. విసుగొచ్చి కాబోలు, కాకినాడ రేవులో దిగినప్పుడు పాపరాజుగారి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

పాపరాజుగారికి మెయిన్ రోడ్డు వెనక సందులో ఫోటో స్టూడియో ఉండేది. ఇరవై రెండేళ్ళు ఆయన మెడలో వేలాడి నేను చూసిన పెళ్ళిళ్ళకు లెక్కలేదు. తాళి కట్టే క్షణంలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వైపు చూస్తాడని మీరనుకుంటారు. కాదు, నా వైపు చూస్తాడు. ఆ అమ్మాయీ అంతే. పురోహితుడు కూడా మంత్రం మధ్యలో ఆపి, తల కాస్త ఇటు తిప్పి చూస్తాడు. అంతమంది అంత ముఖ్యమైన ఘడియలో నన్నే చూశారు కాబట్టి, నా గర్వం మరీ నిష్కారణం కాదు.

తర్వాత డిజిటల్ కెమెరాలొచ్చాయి. నన్ను గాజు బీరువాలో పై అరలో, వెలిసిపోయిన ప్లాస్టిక్ పూలగుత్తి పక్కన కూర్చోబెట్టారు. పదకొండేళ్ళు ఆ పూలతో సావాసం చేశాను. ఎంత పలకరించినా మాట్లాడేవి కావు.

ఒకనాడు పింఛను కాగితాల కోసం పాస్‌పోర్టు ఫోటో దిగడానికి ఒకావిడ వచ్చింది. పేరు సలోమి. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి, అప్పుడే పదవీ విరమణ చేసిన మనిషి. నన్ను చూసి ఆగిపోయింది.

"ఇది రీలుదేనాండీ?"

"రీలుదేనమ్మా. ఇప్పుడు దీనికి రీలు వేసేదెవరు, కడిగేదెవరు?" అన్నారు పాపరాజుగారు.

"కడగడం నాకొచ్చండీ. చీకటి గదిలో కళ్ళు మూసుకుని కడుగుతాను. మాకు కంప్యూటరు మిషను వచ్చేదాకా రోజూ అదే పని. అయితే ఎముకలు తప్ప మనుషుల్ని ఎప్పుడూ తీయలేదు."

ఆ చివరి మాటకు పాపరాజుగారు కరిగిపోయారు. నన్ను దింపి, దుమ్ము దులిపి, ఆవిడ చేతిలో పెట్టారు. ఎలా పట్టుకోవాలో, ఎలా గురి చూడాలో, ఎండలో ఎంత, నీడలో ఎంత అన్నీ నేర్పారు. రీలు ఎక్కించేటప్పుడు దాని కొసన నాలుకలా ఉండే ముక్కను కుడివైపు చక్రం చీలికలో గట్టిగా దూర్చాలని రెండుసార్లు చెప్పారు. "బొమ్మ తీసిన ప్రతిసారీ ఎడమపక్కనున్న ఈ గుండీ తిరగాలమ్మా. తిరిగితేనే లోపల రీలు నడుస్తున్నట్టు," అని మూడోసారి చెప్పారు. ఆవిడ అప్పటికే నా కంట్లోంచి పాపరాజుగారి దవడ ఎముక చూస్తోంది.

సలోమితో నా కొత్త కాపురం మొదలైంది. ఆవిడ ఉత్సాహం గురించి ఏం చెప్పను! రీలుకి ముప్పై ఆరు బొమ్మలే కాబట్టి ఒక్కో బొమ్మకు పావుగంట ఆలోచించేది. తీసిన బొమ్మ వెంటనే చూడ్డానికి లేదు కాబట్టి వారమంతా మురిసిపోతూ ఎదురుచూసేది. ఒక్కటే చిక్కు, ముప్పై నాలుగేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఎవరిని నిలబెట్టినా, "ఊపిరి పీల్చండి... బిగపట్టండి..." అనేది. క్లిక్‌మనగానే "వదలండి" అనేది. పాలు పోసే ఆయన, పక్కింటి కోడలు, భర్త ప్రకాశరావుగారు అందరూ ఛాతీ పొంగించి, కళ్ళు తేలేసి బొమ్మల్లో పడ్డారు.

"అందరూ కుస్తీకి దిగినట్టున్నారేంటమ్మా?" అన్నారు పాపరాజుగారు ఆ బొమ్మలు చూసి.

"ఊపిరితిత్తులు ఎంత చక్కగా నిండాయో చూడండి," అంది సలోమి.

ఇక ఆవిడ అక్క సంగతి చెప్పాలి. పేరు ఎలీశమ్మ. సామర్లకోటలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. కాకినాడకీ సామర్లకోటకీ మధ్య బస్సులో ముప్పావుగంట. అక్కచెల్లెళ్ళకు మాటల్లేక తొమ్మిదేళ్ళు. ఈ కథ నేను ప్రకాశరావుగారి నోట విన్నాను. ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవారు, సలోమి వంటింట్లోకి వెళ్ళగానే.

తొమ్మిదేళ్ళ క్రితం ఎలీశమ్మగారి మోకాలు నొప్పి చేస్తే చెల్లెలే ఎక్స్‌రే తీసింది. ఆ మోకాలు అరిగిన తీరు పాఠంలో బొమ్మ గీసినట్టు అంత స్పష్టంగా వచ్చిందట. ముచ్చటపడి సలోమి దాన్ని దీపాల పెట్టె మీద పెట్టి, శిక్షణకు వచ్చిన పిల్లలకు చూపించింది. ఫిల్ము మూల పేరుంది. పేరు పక్కన వయసూ ఉంది. ఆ పిల్లల్లో ఒకడు ఎలీశమ్మగారి పాత విద్యార్థి. ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి ముందు ఎదురుపడి, పదిమందిలో, "మీ మోకాలు చూశామండి టీచరుగారూ! మీకు యాభై ఎనిమిదంటే నమ్మలేకపోయామండి," అన్నాడు. అప్పటిదాకా స్కూల్లో అందరూ ఆవిడకు యాభై నాలుగే అనుకునేవారు.

"నా ఎముకలు ఊరందరికీ చూపించింది. ఇంక జన్మలో దాని ముందు నిలబడను," అన్నారు ఎలీశమ్మగారు.

"రోగి పేరు రాయడం రూలు," అంది సలోమి. తప్పు ఒప్పుకోలేదు.

నేను ఆవిడ ఇంటికొచ్చిన రెండో ఏడు, వాళ్ళ మేనమామ యోబుగారికి ఎనభై నిండాయని పెద్దాపురంలో చుట్టాలందరినీ పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టారు. సలోమి బస్సులో కూర్చుని, కుదుపుల మధ్య, ఒళ్ళో పెట్టుకుని నాకు కొత్త రీలు ఎక్కించింది. నాలుకను చీలికలో దూర్చింది. బస్సు గతుకులో పడింది. నాలుక జారిపోయింది. మూత వేసేసింది.

నాకు తెలిసిపోయింది. చెప్పడానికి నోరేది?

అక్కడ యోబుగారి మనవరాలి చేతిలో ఒక గులాబీరంగు కెమెరా ఉందట. బటన్ నొక్కగానే బుర్రుమని ఫోటో బయటకు తోసేసే జాతి. దాని కడుపులో ఏదీ నిలవదు. పిల్లలంతా దాని చుట్టూ చేరి కాగితాలు విసురుకుంటూ బొమ్మ తేలడం చూస్తున్నారు. భోజనాలకు ముందే దాని పది కాగితాలూ అయిపోయాయి. అప్పుడు నేను బయటకొచ్చాను. "ఓరి, రీలు కెమెరా!" అని పెద్దవాళ్ళ గొంతులు లేచాయి. దువ్వెనలు చేతులు మారాయి. పమిటలు సర్దుకున్నాయి. ఫోన్లో రోజుకు పాతికసార్లు ఫోటో దిగే వాళ్ళే, నా ముందుకొచ్చేసరికి బొత్తాలు పెట్టుకున్నారు.

"మావయ్యా, ఊపిరి పీల్చు... బిగపట్టు..."

సలోమి గురి కుదుర్చుకునేసరికి యోబుగారి ముఖం వంకాయ రంగుకొచ్చింది. "వదలమనవే, ఎనభయ్యొకటి చూడాలనుంది!" అని ఆయన అరిస్తే పందిరంతా నవ్వింది.

బొమ్మ తర్వాత బొమ్మ. నా ఎడమపక్క గుండీ ఒక్కసారీ తిరగలేదు. 'చూడవే తల్లీ, ఒక్కసారి ఎడమవైపు చూడు,' అని నాలో నేను మొత్తుకున్నాను. ఆవిడ చూడలేదు.

అప్పుడు పక్కనుంచి ఒక గొంతు వినబడింది. ఎవరితోనూ కాదు, పందిరి గుంజతో మాట్లాడుతున్నట్టు.

"అందరినీ తీస్తున్నారు. తీయొద్దన్నామా ఏంటి? మోకాళ్ళు మాత్రం రాకూడదు."

సలోమి నన్ను అటు తిప్పింది. తొమ్మిదేళ్ళ తర్వాత అక్క గొంతు.

"నడుము పైకే తీస్తానక్కా," అంది. ఊపిరి పీల్చమని చెప్పడం కూడా మర్చిపోయింది.

బటన్ నొక్కింది. నేను చూశాను. జరీ అంచు తెల్లచీర, కళ్ళజోడు, బిగించిన పెదవులు, ఆ బిగింపు చివర సడలబోతున్న ఒక చిన్న మడత. అంత మంచి బొమ్మ నేను ఏళ్ళ తరబడి చూడలేదు. దాన్ని దాచుకుందామంటే నా లోపల రీలు కదలడం లేదు!

తిరిగి ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో సలోమి నా లెక్క చూసుకుని భర్త చెయ్యి గిల్లింది. "ఏమండీ, ముప్పై ఆరు రీలులో నలభై వచ్చాయి!"

"అక్క వచ్చింది కదా, అన్నీ కలిసొస్తాయి," అన్నారు ప్రకాశరావుగారు.

మర్నాడు మధ్యాహ్నం స్నానాలగది తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, లోపల రీలు కడగడం మొదలుపెట్టింది. నన్ను బయట ముక్కాలిపీట మీద పెట్టింది. నా పక్కన ప్రకాశరావుగారు కాలు మార్చి కాలు మీద నిలబడ్డారు.

"సలోమీ, ఇంకెంతసేపే?"

"పదకొండు నిమిషాలు."

"పదకొండు నా వల్ల కాదే!"

ఆయన పక్కింటికి పరుగెత్తారు. తిరిగొచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. సలోమి కిటికీ దగ్గర రీలు పట్టుకుని నిలబడింది. మొదట్లో బెత్తెడు ముక్క బొగ్గులా నల్లగా ఉందట. ఆ తర్వాత రీలంతా గాజు. అంచున కంపెనీ అచ్చువేసిన అంకెలు తప్ప గీత లేదు, చుక్క లేదు. ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ చేతిలో ఒక్క ఫిల్ము పాడవలేదు.

ఆ సాయంత్రమే ఫోను మోగింది. "ఫోటో ఏదే?" అంది ఎలీశమ్మగారి గొంతు. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి ఫోను, పలకరింపు కూడా లేదు.

"కడగాలక్కా."

రెండ్రోజులకు మళ్ళీ మోగింది. "ఆరబెట్టానక్కా." నాలుగోనాడు "కాగితం తెప్పిస్తున్నానక్కా." ఒక్కో అబద్ధానికీ ఆవిడ గొంతు సన్నబడింది. అక్క మాత్రం ఒక్కోసారి ఒక్కో నిమిషం ఎక్కువ మాట్లాడుతోంది. యోబు మావయ్య పళ్ళసెట్టు గురించి, సామర్లకోటలో కొత్త వంతెన గురించి. అది విని సలోమి ఇంకా హడలిపోయింది. నిజం చెప్తే ఇదంతా పోతుంది.

"బస్సులో కెమెరా కిందపడిందని చెప్పు," అన్నారు ప్రకాశరావుగారు. నేను పడలేదు! నా మీద నింద వేస్తున్నారు చూశారా?

"ఇందులో దాని తప్పు లేదండీ," అంది సలోమి. ఆ మాటకు నేనావిడకు జీవితాంతం రుణపడి ఉంటాను.

పన్నెండో రోజున నన్నూ, ఆ ఖాళీ రీలునూ సంచిలో వేసుకుని సామర్లకోట బస్సెక్కింది.

ఎలీశమ్మగారు రీలు అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారట. రీలు పటపటలాడింది.

"ఏంటే ఇది? హాజరుపట్టీలో నెంబర్లున్నాయి గానీ పిల్లలెవరూ రాలేదు!"

"ఈ నల్లముక్కలో ఉన్నారక్కా. నలభైమందీ ఒకరి మీద ఒకరు పడ్డారు."

"నేనూ అందులోనేనా?"

"నువ్వూ అందులోనే. రీలు పట్టుకోలేదు. నేను సరిగ్గా ఎక్కించలేదు. నువ్వు అన్నాళ్ళకి నా ముందు నిలబడ్డావు, నేను పోగొట్టేశాను. తప్పు నాదే అక్కా."

తిట్లు మొదలవుతాయని నేను సంచిలో ముడుచుకున్నాను.

"ఈ చివరి మాటేదో తొమ్మిదేళ్ళ కిందట చెప్పుంటే నా మోకాలి నొప్పి సగం తగ్గేది కదే," అన్నారు ఎలీశమ్మగారు.

"దానికీ కలిపే చెప్తున్నానక్కా."

"విడిగా చెప్పు. కలిపి చెప్తే మార్కులు వేయను."

సలోమి విడిగా చెప్పింది. పేరు కనబడేలా పెట్టడం తప్పన్నది, వయసు కనబడేలా పెట్టడం ఇంకా పెద్ద తప్పన్నది. మధ్యలో ఏడుపొచ్చి ఆగిపోతే ఎలీశమ్మగారు, "ఆఁ, తర్వాత?" అని పాఠం ఒప్పజెప్పించుకున్నట్టు ఒప్పజెప్పించుకున్నారు. ఆనక ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఇద్దరి నవ్వూ ఒకేలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"కొత్త రీలు తెచ్చావా? నేను చూస్తుండగా ఎక్కించు."

హెడ్‌మిస్ట్రెస్ పర్యవేక్షణలో నాలుక చీలికలోకి వెళ్ళింది. ఎడమపక్క గుండీ మీద ఎలీశమ్మగారు తన వేలు పెట్టి, అది తిరిగేదాకా తీయలేదు. తిరిగింది. చక్కిలిగిలిగా అనిపించింది.

"నన్ను తర్వాత తీద్దువుగాని. ముందు నువ్వెళ్ళి ఆ కిటికీ దగ్గర కూర్చో. నిన్ను నేను తీస్తాను."

"నీకెలా వస్తుందక్కా?"

"నలభై ఏళ్ళు పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టాను. నాకు రాదా? కదలకు. అటు చూడు. ఏడవకు. ఏడిస్తే ఏడు, కదలకు మాత్రం."

రెండేళ్ళుగా సలోమి నా వెనకే ఉంది. ఆవిడ ఊపిరి నా వీపుకు తెలుసు, ఆవిడ వేలి బరువు తెలుసు, గురి చూసేటప్పుడు నాకు ఆనుకునే కనుబొమ్మ తెలుసు. ముఖం మాత్రం తెలియదు. ఆ మధ్యాహ్నం మొదటిసారి చూశాను. గుండ్రటి ముఖం, ముక్కు మీద కళ్ళజోడు ఒరుసుకున్న రెండు గుంటలు, ఎప్పుడూ గురి చూసే అలవాటువల్ల కాస్త చిన్నదైన కుడికన్ను, చెంప మీద తుడుచుకోవడం మర్చిపోయిన ఒక తడిచార. అంతే, అంతకంటే ఏమీ లేదు. ఎన్నో పెళ్ళికూతుళ్ళను చూసినదాన్ని, అయినా అలా చూస్తూండిపోవాలనిపించింది.

ఆ రీలు మొత్తం వచ్చింది. ఎలీశమ్మగారి చెయ్యి వణికి సలోమి బొమ్మ కొంచెం మసకబారింది. ఆవిడ ఒప్పుకోరు, అది కిటికీ వెలుగని అంటారు. దాన్ని పెద్దది చేయించి, సామర్లకోట ఇంట్లో ముందుగదిలో గోడకు పెట్టుకున్నారు. నేనిప్పుడు నెలలో పదిహేను రోజులు అక్కడే ఉంటాను. వచ్చినవాళ్ళు ఆ బొమ్మ ముందు ఆగి, ఎవరండీ ఈవిడ అని అడుగుతారు.

"మా చెల్లెలు. నేనే తీశాను," అంటారు ఎలీశమ్మగారు.

ఆ 'నేనే' అన్నది మాత్రం కాస్త గట్టిగా అంటారు.