సాక్షి సంతకం

"నా పనులన్నీ నేనే చేసుకుంటానమ్మా. ఇంకొకరి మీద ఆధారపడే రకం కాదు నేను," అన్నాడు ధనుంజయరావు ముందు గదిలో.

ఆ మాట వినపడేసరికి నిర్మల దొడ్లో అతని దుప్పటి పిండుతోంది. పొద్దుటినుంచి అది రెండోది. పిండుతున్న చేతులు ఆగలేదు. భార్యగా పదకొండేళ్ళనుంచి వింటున్న మాటే. చుట్టాలొస్తే చుట్టాలకి, ఆగస్టు పదిహేనున బడిపిల్లలకి చెబుతూనే ఉంటాడు. ఈసారి ఆ మాటని ఎవరో కాగితం మీద రాసుకుంటున్నారు. అదొక్కటే తేడా. అది చిన్న తేడానో పెద్ద తేడానో ఆమెకింకా తెలియలేదు.

రాసుకుంటున్న అమ్మాయి పేరు మెహ్‌జబీన్. నరసరావుపేట నుంచి రొంపిచెర్ల దాకా బస్సులో, అక్కణ్ణించి ఆటోలో వచ్చింది. వెన్నుపాము దెబ్బతిని ఇల్లు చేరిన సైనికులు ఎలా బతుకుతున్నారన్న పరిశోధనకి ఒక ట్రస్టు మొదటి ఏడాది డబ్బిచ్చింది. వచ్చే నెల గుంటూరులో మీటింగు. ఈ ఫారాలు చూసి ఇంకో మూడేళ్ళు డబ్బివ్వాలో వద్దో, ఇస్తే దేనికివ్వాలో అక్కడ తేలుస్తారట. బాగా మాట్లాడేవాళ్ళని ఒకరిద్దరిని వేదిక ఎక్కిస్తారట. ఆ కబురు విన్నప్పటినుంచి ధనుంజయరావు మొహంలో నిర్మల మరిచిపోయిన కళ ఒకటి తిరిగొచ్చింది. ఇవాళ తనే అడిగి మరీ ఆమె చేత గడ్డం గీయించుకున్నాడు.

అతని మిలట్రీ లారీ కొండదారిలో లోయలోకి పడిన ఏడాది ఆమె ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేది. "నువ్వు బడికి పోతే వాణ్ణి ఎవరు చూస్తారే?" అంది అత్త శేషారత్నం. అది ప్రశ్న కాదు. నిర్మల బడి మానేసింది.

పదకొండు కాగానే చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. ఛాతీ కిందినుంచి స్పర్శ లేని మనిషి ఒకే చోట కదలకుండా కూర్చుంటే చర్మం కుళ్ళుతుంది. భుజాలు పట్టేసినప్పటినుంచి తనని తాను లేపుకోలేడు. చక్రాల కుర్చీ వెనక నిలబడి, చంకల కింద చేతులు పోనిచ్చి, అతణ్ణి పైకి లేపి, ఒత్తిడి తీరేదాకా మనసులో అంకెలు లెక్కపెడుతోంది. ఆమె చేతుల్లో వేలాడుతూనే అతను మాట్లాడుతున్నాడు.

"అంతా మిలట్రీ క్రమశిక్షణమ్మా. ఇన్నేళ్ళలో ఒంటిమీద ఒక్క పుండు లేదు. డాక్టరే నోరెళ్ళబెట్టాడు!"

మెహ్‌జబీన్ పెన్ను ఆగింది. నిర్మల చేతుల వంక చూసింది. "సాయం చేసే మనిషి అవసరమా సార్?" అని అడిగింది.

"అవసరం లేదు."

పెన్ను మళ్ళీ కదిలింది.

కోపం రాకపోవడమే నిర్మలకి వింతగా తోచింది. అతను అబద్ధం చెప్పడంలేదు. అదే అసలు కష్టం. ఆమె చేతులు అతనికి తన చేతులే. తన చేతుల్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, అలిసిపోయాయా అని అడగరు. ఒకప్పుడు దీన్నే ప్రేమ అనుకుంది. ఇద్దరు మనుషులు ఇంతగా ఒకటైపోవడం ఎంతమందికి జరుగుతుంది అనుకుంది. ఒకటయ్యారు, నిజమే. ఆ ఒకరు అతనని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది. తెలిశాక కూడా ఎవరితోనూ అనలేదు. ఎవరి మీదా ఆధారపడనన్న అతని మాట లాగేస్తే అతని లోపల ఏదో కూలిపోతుందని భయం. కూలేది అతనిలోనేనా, పదకొండేళ్ళు దాన్ని మోస్తూ వచ్చిన తనలోనా అన్నది ఎప్పుడూ తేల్చుకోలేదు.

"చర్మానికి ఎప్పుడన్నా గాయమైందా సార్?"

"ఒక్కసారి. రెండో ఏడు. ఈమె అజాగ్రత్త."

"మిరపకాయల తొడిమలు తీసిన చేత్తో ఒంటేలు గొట్టం వేసిందమ్మా!" అందుకుంది శేషారత్నం గుమ్మంలోంచి. "బొబ్బలెక్కినాయి. మా వోడికి తెలవను గూడా తెలవలా. చానా అల్లాడినాం."

నిర్మల సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుంది ఆ రోజు. అయినా కారం పోలేదు. మంట తెలియని ఒంట్లో మంట దారి వెతుక్కుంటూ నుదుటికెక్కింది. తల పగిలిపోతోందని అతను చెమటలు కక్కుతుంటే, ఎందుకో తెలియక ఒళ్ళంతా వెతికింది. అప్పటినుంచి ఆమె మిరపకాయ ముట్టలేదు. కూరలో కారం చెంచాతోనే. కాయలు ఎండే నెలల్లో ఊళ్ళో ఆడవాళ్ళంతా కళ్ళాల్లో ఉంటే ఆమె ఒక్కతే ఇంట్లో ఉంటుంది. "మిలట్రీవోడి పెళ్ళాం గదా, మిరక్కాయ ముట్టుకుంటే చేతులు మాసిపోవూ!" అని అరుగుల మీద నవ్వుకుంటారు. ఆమె కూడా నవ్వేది. ఎందుకో చెప్పాలంటే అతని ఒళ్ళు వీధిలో పెట్టాలి.

"అయిపోయిందక్కా," అంది మెహ్‌జబీన్. "పైన చెప్పినవన్నీ నిజమేనని ఇంట్లోవాళ్ళొకరు సాక్షి సంతకం పెట్టాలి."

"పెట్టవే," అన్నాడు ధనుంజయరావు.

నిర్మల ఫారం, పెన్ను తీసుకుని నిదానంగా చదివింది. స్నానం: స్వయంగా. దుస్తులు: స్వయంగా. గొట్టం: స్వయంగా. విరేచనం: స్వయంగా. పక్కకి ఒత్తిగిలడం: స్వయంగా. నాలుగు పేజీల్లోనూ ఆమె ఉన్నది ఒకే ఒక్క చోట. 'రెండో సంవత్సరం, భార్య అజాగ్రత్త వల్ల గాయం.'

"అందరిళ్ళల్లోనూ ఇట్టాగే చెప్తున్నారా అమ్మా?"

"చానామంది అక్కా. మాచర్లలో, గురజాలలో, అంతటా ఇదే. సాయం అక్కర్లేదని రాస్తే సాయం చేసే మనిషికని ట్రస్టుని ఇక డబ్బు అడగరు. వాళ్ళు చెప్పింది రాయటమే నా డ్యూటీ."

"సాక్షి సంతకాలు?"

మెహ్‌జబీన్ తల దించుకుంది. "ఆడోళ్ళే పెట్టారు."

తడి చేతులు కొంగుకి తుడుచుకుని, చదవకుండానో చదివో, చూపించిన చోట పేరు రాసిన ఆడవాళ్ళు. వాళ్ళ మొహాలు ఆమెకి తెలియవు. వాళ్ళ నడుములో నొప్పి ఎక్కడ మొదలవుతుందో మాత్రం తెలుసు.

"సంతకం లేకపోతే?"

"ఫారం చెల్లదక్కా."

"ఏందే ఈ అడ్డమైన ప్రశ్నలు?" అన్నాడు అతను.

"నలుగుర్లో వాడి పరువు తీయబాకే నిర్మలా," అంది శేషారత్నం.

ఆమె తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. గొంతులో ఉన్న కోపం అక్కడ లేదు. ఉన్నది భయం. ఆసుపత్రిలో మొదటిసారి కాళ్ళు కదపబోయి ఆగిపోయినప్పటిది. ఆ భయం ఎప్పుడు కనపడినా అతనికంటే ముందు తనే పరుగెత్తి, దిండు సర్దో, నీళ్ళిచ్చో, అవునవును అనో దాన్ని కప్పేసేది. ఇప్పుడూ కాలు కదిలింది. నిలదొక్కుకుంది.

"గొట్టం ఎవరు వేస్తారో ఈ అమ్మాయికి మీ నోటితో చెప్పండి," అంది మెల్లగా. "ఆ ఒక్కటీ చెప్పండి. చెబితే పెడతాను."

అతను మెహ్‌జబీన్ వంక చూశాడు, తల్లి వంక చూశాడు.

"చెప్పకపోతే?" అన్నాడు.

నిర్మల పెన్నుకి మూతపెట్టి ఫారం మీద ఉంచింది.

"చెప్పకపోతే సాక్షిని వేరే చూసుకోండి. నేను చూసింది ఇది కాదు."