ఎక్కువ ఆక్సిజన్, తక్కువ లోతు

సంగటి గెలుకుతున్నప్పుడు చెయ్యి ఆగకూడదు. ఆగితే ఉండలు కడుతుంది. సరిగ్గా అప్పుడే మా ఆయన గిరి ఫోన్ తెచ్చి, అందులో పాఠం కింది ప్రశ్న ఒకటి నా ముఖం ముందు పెట్టాడు. "ఈశ్వరీ, దీనికి ఏం పెట్టాల?" అన్నాడు. పొద్దున్నించీ బడిలో నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళు, పొయ్యి సెగ, చేతిలో కట్టె, ఇవేవీ ఆయనకు కనిపించవు. "సైన్సు టీచరమ్మవి గదా, చూస్తానే చెప్పేస్తావు," అంటాడు, నన్ను మెచ్చుకుంటున్నట్టు. ఆ మెప్పు విని విని నాకు విసుగొచ్చింది.

గిరి ఒకప్పుడు మా బుక్కరాయసముద్రం చుట్టుపక్కల బావుల్లో దిగి, పడిపోయిన మోటార్లు పైకి తీసేవాడు. బావులు ఎండిపోయాక అండమాన్ పోయి డైవింగ్ సెంటర్లో చేరాడు. గాలి సిలిండర్ వీపుకు కట్టుకొని టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకెళ్ళే పని. వానల కాలం సెంటర్ మూస్తే ఇంటికొచ్చాడు. మళ్ళీ అండమాన్ వచ్చేలోపు నైట్రాక్స్ పరీక్ష పాసవ్వాలని, లేకపోతే పనిలో పెట్టుకోనని ఓనర్ విజయభాస్కర్ చెప్పి పంపాడట. పరీక్ష ఫోన్లోనే రాయాలి. రాయాల్సింది ఆయన. చదివింది నేను.

ఈ ఇంట్లో ఇది కొత్త కాదు. మామ పింఛను దరఖాస్తు నేనే రాశాను, ఆడబిడ్డ కాలేజీ అడ్మిషన్ నేనే చూశాను, గిరి అండమాన్ ఇంటర్వ్యూకి ఇంగ్లీషు జవాబులు నేనే నేర్పాను. ఉద్యోగం వచ్చిన రోజు మా అత్త మారెక్క వీధంతా తిరిగి "మా గిరిది శానా తెలివి" అని చెప్పుకుంది. నా దగ్గరికొచ్చి మాత్రం "సదువుకున్న కోడలుంటే ఇంట్లో గుమాస్తా ఉన్నట్టే" అంది. గుమాస్తాకైనా ఆదివారం సెలవుంటుంది కదా అనుకున్నాను. పైకి అనలేదు. అనే ఓపిక కూడా ఉండాలి కదా.

నిజం చెప్పాలంటే ఆ నైట్రాక్స్ పాఠం నాకు నచ్చింది. సముద్రం నేనెప్పుడూ చూడలేదు, అయినా నచ్చింది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు, మిగిలినదంతా దాదాపు నైట్రోజనే. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడికి ఆ నైట్రోజన్ ఒంట్లోకి ఇంకుతుంది. గబుక్కున పైకొస్తే సోడా మూత తీసినట్టు రక్తంలో బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే నైట్రోజన్ తగ్గించి, ఆక్సిజన్ పెంచి సిలిండర్ నింపుతారు. అదే నైట్రాక్స్. దాంతో కింద ఎక్కువసేపు ఉండొచ్చు. కానీ ఎక్కువ లోతుకు పోకూడదు. ఆ ఒత్తిడిలో మేలు చేసే ఆక్సిజనే విషమవుతుంది. ఫిట్స్ వస్తాయి, నోట్లో గొట్టం జారిపోతుంది, మనిషి మునిగిపోతాడు. మరీ లోతుకు పోయేవాళ్ళకు హీలియం కలిపిన గాలి వేరే ఉంటుంది. ఇంకో మాట కూడా రాసి ఉంది. సిలిండర్ ఎవరు నింపినా సరే, అందులో ఆక్సిజన్ ఎంతుందో పీల్చేవాళ్ళే మీటరు పెట్టి స్వయంగా చూసుకోవాలట. అది చదివి బీరకాయలు తరగడం మరచిపోయి కత్తిపీట ముందు అట్లాగే కూర్చున్నాను.

ఇదంతా గిరికి చెప్పబోతే "గాలి గాలే గదా, దాంట్లో సదివేదేముండాది," అని క్రికెట్ పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నన్ను చాప మీద కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చాడు. "నువ్వే నొక్కేయ్. నేను అట్ల బజారుకు పోయొస్తా." నేను ఫోన్ తిరిగిచ్చాను. "నువ్వు నొక్కు, పక్కనే ఉంటాలే," అన్నాను. మొదటి ప్రశ్నలన్నీ మామూలుగానే గడిచాయి. అంటే, నేను చెప్పాను, ఆయన నొక్కాడు. తర్వాత నైట్రాక్స్‌తో లాభమేమిటన్న ప్రశ్న వచ్చింది. నన్ను అడక్కుండానే "మామూలు గాలి కంటే లోతుకు పోవచ్చు" అన్న దాని మీద ధీమాగా వేలు పెట్టాడు.

నాకు భయమేసింది. పరీక్ష పోతుందని కాదు, ఈ మనిషి నిజంగానే అట్లా అనుకుంటున్నాడని. అలవాటు కొద్దీ నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు నా వైపు చూసినా పెదవి విప్పలేదు.

ఫెయిల్ అని వచ్చింది.

"నీకు తెల్సు గదా. చెప్పింటే నీ సొమ్మేం పోయేది?" గిరి గొంతు పెరిగింది. వాకిట్లో శనక్కాయలు వలుస్తున్న మా అత్త లేచి వచ్చింది. "మొగుని నోటికాడ కూడు తీసేసినావు గదే."

"ఈడ నేను చెప్తా. ఆడ నీళ్ళకింద నీ పక్కన ఎవురు కూసుంటారు?" అన్నాను గిరితో.

 మా అత్త కొడుకు వైపు తిరిగింది. "నీళ్ళకింద ఏమైతాదిరా?"

గిరి ఎప్పట్లాగే నా వైపు చూశాడు.

"సదివి మీ అమ్మకు నువ్వే చెప్పు," అన్నాను. "వచ్చే ఆదివారం మళ్ళా రాయొచ్చంట. ఆ పొద్దు నేను ఈడ ఉండను. కుందుర్పికి, మా అమ్మ దగ్గరికి పోతాండా. పాసైనా నువ్వే, ఫెయిలైనా నువ్వే. ఇంక నీ ఊపిరి నేను మొయ్యలేను."