క్షయ అన్న మాట

అనంతపద్మనాభం గారు చోడవరంలో రిటైరయ్యేదాకా బోటనీ చెప్పారు, అదీ తెలుగు మీడియంలో. మైటాసిస్‌ని సమవిభజన అనీ, మియోసిస్‌ని క్షయకరణ విభజన అనీ నోరారా పలికేవారు. “మీ పాఠం వింటుంటే తద్దినం మంత్రాలు విన్నట్టుంటుంది. కాస్త మనుషుల మాటలు కలపండి” అని భార్య సీతామహాలక్ష్మి వంటింట్లోంచి నవ్వేది. ఆవిడ పోయాక ఆయన మాటలకి నవ్వేవాళ్ళు లేకపోయారు.

ఆయన దగ్గర ఇంటర్ చదివిన ఝాన్సీ ఒకరోజు వచ్చి వరండాలో కూర్చుంది. రెండో కడుపూ నిలవలేదు. విశాఖపట్నంలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, క్రోమోజోముల్లో తేడా అని ఒక్క ముక్క చెప్పి తరవాతి మనిషిని పిలిచేసిందట.

“సార్, నాట్లప్పుడు చెరుకు ముచ్చెల బుట్ట ఎత్తేను. దానివల్లేనా?”

“కాదమ్మా.”

“బొప్పాయి ముక్క తిన్నాను. తెలీక తిన్నాను.”

“అదీ కాదు. క్షయకరణ విభజనలో పొరపాటు జరిగింది. నువ్వు బుట్ట ఎత్తడానికి ముందే, నెల తప్పిందని నీకు తెలియకముందే జరిగిపోయింది. ఎవరూ చేసింది కాదు.”

ఆ మాట ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. చున్నీ అంచుతో కళ్ళు తుడుచుకుని, “మా అత్తకి సెప్తాను సార్” అంటూ మెట్లు దిగింది. వచ్చినప్పటికంటే కాస్త తేలిగ్గా నడుస్తోందని ఆయనకు అనిపించింది. ఆ పూట అన్నం సయించింది.

వారం తిరగకుండా ఝాన్సీ అన్న సత్తిబాబు తన ఆటో తెచ్చి గేటు దగ్గర ఆపాడు.

“మేస్టారూ, మా సెల్లికి క్షయ అని మీరే సెప్పేరంట?”

“క్షయా? ఎవరన్నారు?”

“వాళ్ళత్త అచ్చియ్యమ్మ. క్షయంటే టీబీయే కదా, కడుపులోనే టీబీ ఉంటే పిల్లలేటి నిలబడతారంటంది. సెల్లిగుంటకి కంచం వేరు, గళాసు వేరు. మా ఊరు వడ్డాది తీసుకుపొమ్మని మా అమ్మకి ఫోను సేసింది. బావేమో ఫేక్టరీ దగ్గర చెరుకు బండితో లైన్లో ఉన్నాడు, ఫోనెత్తడు.”

పద్మనాభం గారు వెంటనే ఆటో ఎక్కారు. దారి పొడుగునా ఆ మాటని లోలోపల పలుకుతూనే ఉన్నారు. ఇన్నేళ్ళూ పలికిన మాటే. అందులో రోగం పేరు ఉందని ఇప్పుడే వినబడింది. సీతామహాలక్ష్మి ఉంటే ఆ రోజే వినిపించేది.

ఝాన్సీ బ్యాగు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచింది. అచ్చియ్యమ్మ గుమ్మంలో నిలబడి, “ఇవతలికి కూసోండి మేస్టారూ, దగ్గితే అంటుకుంటాది” అంది.

“దగ్గుతోందా?”

“ఇంకా లేదు. వస్తాది.”

“రాదు. నా మాటే బాగోలేదు అచ్చియ్యమ్మ గారూ. పంచాంగంలో తిథి క్షయం అని చదువుతారు, విన్నారా? అక్కడ రోగం ఏముంది? తగ్గడం, అంతే.”

“మరి ఈ గుంటకేటి తగ్గింది?”

వాకిట్లో నాటగా మిగిలిన ముచ్చెలు, విత్తనపు చెరుకు ముక్కలు, పోగుపోసి ఉన్నాయి. ఆయన ఒకటి తీశారు.

“ఇది పాతితే ఏ చెరుకొస్తుంది?”

“దీని తల్లి ఎలాగుంటే అలాగే. రంగు, తీపి, అన్నీను.”

“లోపల కంటికి కనబడని పోగులుంటాయి. ఒక్కో కణం ఆ పోగులన్నీ రెండింతలు చేసుకుని రెండుగా విడిపోతుంది. రెండూ తల్లిలాంటివే. చెరుకు పెరిగేది అలాగే, మీ వేలు తెగితే మానేదీ అలాగే. బిడ్డ పుట్టాలంటే అలా కుదరదు. తల్లి సగం పోగులివ్వాలి, తండ్రి సగం ఇవ్వాలి. ఆ సగమవడాన్నే నేను క్షయ అని ఏడ్చాను. ఆ పంపకంలో ఒక పోగు అటు పోవలసింది ఇటు వచ్చేసింది. అలాంటి బిడ్డ చాలాసార్లు నిలవదు.”

“సగం నా కొడుకుదా?”

“అవును.”

“మరి తేడా ఎవరి సగంలో వచ్చినట్టు?”

ఝాన్సీ తలెత్తింది. ఇలాంటి పొరపాట్లు ఎక్కువగా తల్లి వైపే జరుగుతాయని పద్మనాభం గారికి తెలుసు.

“డాక్టరు చెప్పలేదు. ఎవరి సగమైనా, అది ఎవరి చేతుల్లోనూ లేదు” అన్నారు. తెలిసిన పాఠంలో ఒక ముక్క దాచుకోవడం ఆయనకు అలవాటు లేదు. ఆ వేళ కష్టమనిపించలేదు.

అచ్చియ్యమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. “నా కొడుకు ఉమామహేష్‌కి ముందు నాకూ ఇద్దరు పోయేరు” అంది. “గ్రహణం నాడు కత్తిపీట ముట్టేనని మా అత్త సచ్చిందాకా అంది. నేను ముట్టలేదు మేస్టారూ. ముట్టలేదనే గుర్తు. అయినా ముట్టేనేమో అనుకుంటన్నాను, ఇప్పటికీ.”

సత్తిబాబు ఆటో ఇంజను ఆపేశాడు.

“నాదీ అదేనంటారా, ఆ పోగు?”

ఆవిడ బిడ్డల్ని ఎవరూ పరీక్ష చేయలేదు. తెలిసే దారి ఇంక లేదు.

“చాలామందికి అదే కారణం. మీకూ అదే అయ్యుంటుంది” అన్నారాయన. “కత్తిపీట మాత్రం కాదు. అది నాకు తెలుసు.”

ఆవిడ ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముచ్చెల పోగుకేసి చూస్తూ ఉండిపోయింది.

ఝాన్సీ బ్యాగు భుజాన వేసుకుంది. “నేనెల్తాను అత్తా.”

అచ్చియ్యమ్మ లేచింది. లోపలికి వెళ్ళింది. కోక మార్చుకుని, చెప్పులేసుకుని వచ్చింది.

“మీయమ్మకి ఫోన్లో సెప్పింది నేనే. కాదనీ నేనే సెప్పాలి. ఏటన్నారు మేస్టారూ ఆ మాట?”

“ఆ మాట వద్దు. సగమవడం అనండి.”

“సగమవడం” అంది ఆవిడ, నోట్లో తిప్పుకుంటూ.

ఝాన్సీ ఆటోలో సీటు మధ్యలో కూర్చుంది. అత్త వచ్చి పక్కన నిలబడినా తల తిప్పలేదు. అచ్చియ్యమ్మ కడ్డీ పట్టుకుని, ఎక్కకుండా, పిలవకుండా నిలబడిపోయింది. కాసేపటికి ఝాన్సీ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రోడ్డుకేసే చూస్తూ, కొంచెం అవతలికి జరిగింది.