కుప్పమ్మ తడి నీడ

తూములపల్లి చెరువుకట్ట మీద కుప్పమ్మ రోజుకు రెండుసార్లు నడుస్తుంది. కట్ట ఉత్తరం నుంచి దక్షిణానికి సాగి ఉంటుంది కాబట్టి, పొద్దున నడిస్తే ఆమె నీడ నీళ్ళ వైపు వాలు మీద పడుతుంది. సాయంత్రం నడిస్తే పొలాల వైపు పడుతుంది. నీళ్ళు ఉండకూడని చోట, అంటే కట్ట కడుపులో ఎక్కడైనా చేరి దారి వెతుక్కుంటుంటే, ఆ చోటికి రాగానే నీడ తడుస్తుంది. అప్పుడు కుప్పమ్మ ఇంటికి వెళ్ళి, నీడను పిండి దండెం మీద చీర పక్కన ఆరేసి, పారా తట్టా తీసుకుని మళ్ళీ వస్తుంది. తడి తగిలిన చోట తవ్వి, బంకమన్ను దట్టించి, కాళ్ళతో తొక్కి, పోయి సంగటి కెలుకుతుంది.

"కుప్పక్కా, మబ్బేసింది, నీడ తియ్యి!" అని పక్కింటి దేవకమ్మ అరుస్తుంది. ఒక్కోసారి తానే తీసి మడతపెట్టి అరుగు మీద ఉంచుతుంది.

తూము తలుపు ఎత్తి దించి పొలాలకు నీళ్ళు పంచే నీరుగంటి పని నిజానికి ఆమె మొగుడు మునస్వామిది. రెండేళ్ళ కిందట విషజ్వరంతో ఆయన పోయాక, ఆ పని ఎవరూ ఇవ్వకుండానే ఆమె చేతికి వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎవరో ఒకరు తీసుకోవాలని ఊరికి గుర్తుకొచ్చింది.

"ఆడమనిషి వానలో కట్టమీద తిరుగుతుంటే ఊరికేం మర్యాద?" అన్నాడు మునసబు గోవిందయ్య. "చిన్నబ్బ ఉండాడు గదా. నీ మొగుడి తమ్ముడే గదా. ఇంట్లో పని ఇంట్లోనే ఉంటాది."

చిన్నబ్బ మంచివాడే. కానీ రెండుసార్లు కట్ట మీద నుంచి జారిపడినవాడు, కట్ట మీదికి వెళ్ళమంటే పొట్టనొప్పి అనేవాడు. పనితోపాటు దాని కింది అరెకరా మాన్యం కూడా పోతుంది. అయితే ఆమెకు దిగులు పొలం గురించి కాదు. మొగుడి వెనకా, ఆయన పోయాకా ఇరవై ఏళ్ళుగా తొక్కిన కట్ట తన కాళ్ళ కింద నుంచి పోతుందంటే, మునస్వామి రెండోసారి చచ్చిపోయినట్టనిపించింది.

చెరువు కట్టలు చూసే ఓవర్‌సీరు ప్రేమానందం పుత్తూరు నుంచి సైకిల్ మీద వచ్చాడు. వానలకు ముందు ఏటా వస్తాడు. తెల్ల చొక్కా, మెడలో చిన్న సిలువ, సైకిలు వెనక కొలత గొలుసు, చేతిలో మందమైన రిజిస్టరు. నీరుగంటి పనికి తగిన మనిషి ఎవరో ఈ ఏడు ఆయనే రాయాలి. వానలు వెళ్ళాక రాస్తానన్నాడు.

వచ్చే ముందు కబురు పంపడం ఆయన మర్యాద. ఆ మర్యాదే ఊరికి వరం. కబురు అందగానే గోవిందయ్య మనుషులు మొరవ దగ్గరికి పరుగెత్తారు. చెరువు నిండితే మిగులు నీళ్ళు వంకలోకి దూకే రాతి దారి మొరవ. దాని మీద మూరెడెత్తు రాళ్ళు పళ్ళవరసలా నిలబెట్టి ఉంటాయి. మూడేళ్ళు కరువు చూసిన ఊరు ఆ పళ్ళ సందుల్లో తాటి దుంగలు దూర్చి, బంకమన్ను మెత్తి, చెరువుకు ఇంకో మూరెడు ఎత్తు కలిపింది. ఓవర్‌సీరు వచ్చే రోజు దుంగలు తీసి తుప్పల్లో దాచడం, పోయాక మళ్ళీ పెట్టడం. ఊరంతటికీ తెలిసిన రహస్యం అది.

ప్రేమానందం వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. కుప్పమ్మ నీడ ఆమె కాళ్ళ కిందే ముద్దగా పడుంది.

"నిన్న పొద్దువాలే పొద్దు తాటిచెట్టు ఈవల నీడ అంచు కొంచెం తడిసిందయ్యా," అంది కుప్పమ్మ. "యాడ్నో సరిగ్గా తెలీలా. రెండు బారలు అటో ఇటో."

ఆయన కర్ర గుచ్చి చూశాడు. మన్ను పొడిగా ఉంది.

"ఇప్పుడు నీడ పరిచి చూపిస్తావా అమ్మా?"

"ఇప్పుడెట్లయ్యా? సాయంత్రం దాకా ఉండాలి."

ఇంకా మూడు చెరువులు చూడాలి ఆయనకు. "నీడ మాట నేను కాదనను. కానీ ఈ రిజిస్టరులో నీడకు గడి లేదమ్మా," అని నొచ్చుకుంటూ, 'కట్ట బాగుంది' అని రాశాడు. మొరవ చూసి, "దీనికేం ఇబ్బంది లేదు గదా?" అని ఆమెనే అడిగాడు.

గోవిందయ్య ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. దుంగల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఊరికి కోపం, కోపం వస్తే పని పోతుంది. "లేదయ్యా," అంది. ఆ రాత్రి ఆమెకు కట్టకు అబద్ధం చెప్పినట్టు సిగ్గేసింది. ఆ తర్వాత తాటిచెట్టు దగ్గర నీడ మళ్ళీ తడవలేదు.

కార్తీకంలో తుపాను పట్టింది. మూడు పగళ్ళు ఎడతెగని ముసురు. కొండల మీద నుంచి వాగులన్నీ ఎర్రగా దిగొచ్చి చెరువులో పడ్డాయి. మొదటిరోజు ఊరు చిందులేసింది. రెండోరోజు గంగమ్మకు పొంగళ్ళు పెట్టింది. మూడోరోజు పొద్దునకి నీళ్ళు కట్ట అంచుకు జానెడు దూరంలోకొచ్చాయి. అప్పుడు అందరూ కుప్పమ్మ వైపు చూశారు.

"నీడేమైనా తడిసిందా?" అన్నాడు గోవిందయ్య.

"నీడేది మునసబయ్యా? మూడునాళ్ళాయె ఎండ లేక. దుంగలు తీయించండి."

"మూడేళ్ళకు నిండిన చెరువును వంక పాలు చెయ్యమంటావా? నీ నీడ తడిస్తే చెప్పు, నా చేత్తో తీస్తా. ఆ మాట మీద ఉంటా."

కట్ట కింద నూటపాతిక ఇళ్ళు. నీళ్ళు ఎక్కడ దూరుతున్నాయో తెలియకుండా అంత పొడుగు కట్టను ఎక్కడని తవ్వుతారు? కుప్పమ్మ చూరు కింద నిలబడి నల్లటి ఆకాశాన్ని చూసింది. దేవుడి దీపం ఆరిపోతే మనిషి వెలిగించుకోవాల్సిందే అనుకుంది.

"చిన్నబ్బా, వడమాలపేట పోవాల. బుడేన్ అన్న దగ్గర పెళ్ళిళ్ళకిచ్చే పెట్రోమాక్సులు నాలుగుండాయి. ఉన్నపళంగా తేవాల."

వంక నడుములోతున పారుతోంది. చిన్నబ్బ పొట్ట పట్టుకున్నాడు. వదిన ముఖం చూసి, చెయ్యి తీసేశాడు. పంచె ఎగ్గట్టి పోయాడు.

బుడేన్ సాహెబ్ లైట్లు ఇవ్వడానికి ఒప్పుకోవడమే కాదు, వాటి వెంట తానూ వచ్చాడు. నలుగురు మనుషుల నెత్తిన గోనెపట్టలు కప్పిన లైట్లు, ముందు గడ్డం నుంచి నీళ్ళు కారుతూ ఆయన.

"చెల్లీ, లైట్లు తెచ్చినా. కిరసనాయిలు బొట్టు లేదు. యుద్ధం గదా, కార్డు మీద ఇచ్చేది మా ఇంటి బుడ్డికే చాలదు."

ఊళ్ళోనూ అంతే. ఇంటికో సీసా, అందులో బొటనవేలంత నూనె. నెలాఖరు దాకా దానితోనే గడపాలి. దేవకమ్మ మొదట తన సీసా తెచ్చి లైటులో వంచింది. "చీకట్లో కూడు తినడం నాకు కొత్తా?" అంది. ఆమె వెనక ఇంకో సీసా, ఇంకోటి. కొందరు బుడ్డిలో వొత్తి తీసి పిండి మరీ పోశారు. గోవిందయ్య ఇంటి డబ్బా చివరికొచ్చింది. డబ్బా సగం నిండుగా ఉండటం అందరూ చూశారు.

బుడేన్ సాహెబ్ ఒక్కొక్క లైటుకూ గాలి కొట్టి వెలిగించాడు. వేడిగాజు మీద చినుకు పడితే టప్పున పగులుతుంది కాబట్టి ప్రతి లైటు మీదా ఒకరు తాటాకు గొడుగు పట్టాలన్నాడు. పట్టపగలు, పెళ్ళికొడుకు లేని ఊరేగింపులాగా, నాలుగు లైట్లూ కట్ట ఎక్కాయి. నీళ్ళ వైపు అంచున వాటిని పట్టుకోమని, కుప్పమ్మ లైట్లకూ పొలాలకూ నడుమ నిలబడింది. మూడు రోజుల తర్వాత ఆమె నీడ లేచి పొలాల వైపు వాలు మీద పొడుగ్గా పరుచుకుంది. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

వాన తడి నీడకంటదు. ఆమె అడుగులో అడుగేసి నడిచింది. లైట్లు ఆమెతో కదిలాయి. తూము దాటారు, పొడి. రాతిమెట్లు దాటారు, పొడి. తాటిచెట్టు ఈవలికి రాగానే ఆమె ముందుకు వెయ్యబోయిన కాలు అక్కడే ఆగిపోయింది. నీడ నిలువెల్లా తడిసి, బండరాయిలా బరువెక్కి ఆమెను వెనక్కి లాగింది. మోకాళ్ళ మీద పడింది.

"ఈడే! నా నీడ తల కాడ సూడండి, తల కాడ!"

వాలు కింద, నీడ తల ఆనిన చోట గడ్డి పక్కకు తీస్తే, పిడికిలి పట్టేంత రంధ్రం. అందులో నుంచి ఎర్రటి బురదనీళ్ళు బుడబుడమంటున్నాయి. పక్కనే ఎప్పుడో కొట్టేసిన ఇంకో తాటిచెట్టు వేళ్ళు లోపల కుళ్ళి దారి ఇచ్చాయి. చిన్నబ్బ బంకమన్ను ముద్ద ఎత్తి దాన్ని మూయబోయాడు.

"మూయొద్దు!" అని అరిచింది కుప్పమ్మ. "మూస్తే ఇంకో చోట పొడుస్తాది. నీళ్ళను పోనియ్యి, మన్నును ఆపు. వరిగడ్డి తెండి, మొరుసు తెండి, ఇసక తెండి!"

గడ్డి పరిచారు. దాని మీద ఇసక, ఆ మీద మొరుసు కంకర. మళ్ళీ గడ్డి. కిందనుంచి తట్టలు చేతులు మారుతూ వచ్చాయి. పైన నీళ్ళ వైపు ఈత తెలిసినవాళ్ళు దిగి, బంకమన్ను నింపిన గోనెలు ఒకదాని మీదొకటి దించారు. కుప్పమ్మ మొరుసు కుప్ప పక్కన కూర్చుని, కారే నీళ్ళను దోసిట్లో పట్టి చూస్తూనే ఉంది. ఎరుపు. ఎరుపు. ఇంకా ఎరుపే. ఆ తర్వాత కొంచెం పలచన. చాలాసేపటికి దోసిట్లో తన అరచేతి గీతలు కనిపించాయి.

"తేటపడింది," అంది. ఆ మాట కట్ట పొడుగునా పోయింది. ఎవరో ఈల వేశారు. దేవకమ్మ ఏడుస్తూ నవ్వింది.

గోవిందయ్య ఎవరినీ పిలవలేదు. పంచె కచ్చ బిగించి, మొరవ ముందు మెడలోతు నీళ్ళలో దిగి, మొదటి దుంగ తన చేత్తో పెరికాడు. ఆయన వెనక ఊరు దిగింది. ఆఖరి దుంగ ఊడగానే మూడేళ్ళుగా మూగపోయిన మొరవ గొంతు విప్పింది. ఆ హోరు మధ్య బుడేన్ సాహెబ్, "నా లైట్లకు ఇంత మంచి పెళ్ళి ఎప్పుడూ దొరకలా!" అని అరిచాడు.

మరునాడు ఎండ కాసింది. ప్రేమానందం సైకిలు ఎక్కడో బురదలో వదిలేసి, మోకాళ్ళదాకా మన్నుతో, కాలినడకన వచ్చాడు. 'బాగుంది' అని తాను రాసిన కట్టల్లో రెండు తెగిపోయాయి. మూడోదాన్ని చూడ్డానికి గుండె రాయి చేసుకుని వచ్చినవాడు, నిలబడి ఉన్న కట్టను చూసి రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"అయ్యా, ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినాను," అంది కుప్పమ్మ. "మొరవలో దుంగలుండాయి. పని పోతాదని భయపడి దాచినా."

"దాచమన్నది నేను," అన్నాడు గోవిందయ్య, నేల చూస్తూ. "రాసుకోండి."

ఆమె నీడ ఇంకా బరువుగానే ఉంది. తాటిచెట్టు దగ్గర తాగిన నీళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఒక్కదాని వల్ల అయ్యేది కాదని దేవకమ్మ ఒక కొస పట్టుకోబోతే, చిన్నబ్బ ముందుకొచ్చి పట్టుకున్నాడు. వదినా మరిదీ చెరో వైపు నిలబడి, దుప్పటి పిండినట్టు మెలిపెట్టారు. ఎర్రటి నీళ్ళు ధారగా కారి కాలవ కట్టాయి. చిన్నబ్బ కొస కింద పెట్టి, నడుము పట్టుకున్నాడు.

"ఇంత బరువు మోస్తాండావా వదినా, ఇన్నేళ్ళూ?" అన్నాడు. తర్వాత ఓవర్‌సీరు వైపు తిరిగాడు. "అయ్యా, ఈ పని నాకొద్దు. నాకు చేతగాదు. తట్ట మోయమంటే మోస్తా, ఆమె వెనక నడుస్తా."

ప్రేమానందం రిజిస్టరు మెట్టు మీద పెట్టి తెరిచాడు. స్కేలు తీసి, పేజీ అంచున నిలువుగా ఒక గీత గీసి, పైన 'నీడ' అని రాశాడు. కింద, 'తడిసింది, కనుక కట్ట నిలిచింది' అని రాశాడు. ఇంకా కింద, తగిన మనిషి పేరు. కుప్పమ్మ వేలిముద్ర వెయ్యడానికి వంగితే ఆమె నీడ కాగితం మీద పడింది. అక్కడ చిన్న తడి మిగిలింది.

ఆ తడి ఆరలేదు. రిజిస్టరు చిత్తూరు పోయింది. అక్కడి పెద్ద ఆఫీసులో ఆడమనిషికి ఈ పని ఎలా ఇస్తారని అడగబోయిన ప్రతి గుమాస్తా ఆ పేజీ తిప్పి, తడిసిన వేళ్ళు చొక్కాకు తుడుచుకుని, తన ఊరి చెరువును తలచుకుని పక్కవాడికి ఇచ్చాడు. సంకురాత్రికి ముందే ఉత్తర్వు వచ్చింది. తూములపల్లి నీరుగంటి, కుప్పమ్మ. గోవిందయ్య దాన్ని మొరవ మీద నిలబడి గట్టిగా చదివాడు.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే కట్ట ఎక్కింది. వెనక చిన్నబ్బ తట్ట పట్టుకుని, పొట్ట సంగతి మరిచి నడుస్తున్నాడు. కింద పొలాల్లో నారు పచ్చగా లేచింది. తూము దాటింది, మెట్లు దాటింది, తాటిచెట్టు దగ్గరికొచ్చి ఆగింది.

"ఏం వదినా?" అన్నాడు చిన్నబ్బ భయంగా.

కుప్పమ్మ వంగి, వాలు మీద పరుచుకున్న తన నీడను కొస నుంచి కొస దాకా అరచేత్తో తడిమింది.

"పొడిగా ఉండాది," అంది. "పద."