చల్లటి జగ్గు

మా ఆపరేషన్ల సెంటర్ గుమ్మం మీద ఒక బోర్డుంటుంది: పొద్దున రండి, సాయంత్రం ఇంటికెళ్లండి. రాసినవాడు ఒక్క సాయంత్రమైనా ఇక్కడ నిలబడ్డాడా అని నా అనుమానం. నిలబడేది నేను. పందొమ్మిదేళ్లుగా రికవరీ గదిలో నర్సుని. నడుం ఆపరేషన్లయిన వాళ్లని లేపీ లేపీ నా నడుమే పడిపోయింది.

ఆ రోజు మంచం మీదున్నది ఒక టైలరు. నడుములో రెండు పూసల్ని స్క్రూలతో కలిపి బిగించారు. సాయంత్రం ఆరులోపు నాలుగు పనులు చేస్తేనే ఇంటికి: నడవాలి, మెట్లెక్కాలి, తిన్నది కక్కకూడదు, మూత్రం పోయాలి. చివరిదంటే అందరికీ నవ్వులాట. అది రాకపోతే మత్తు ఇంకా దిగకపోయి ఉండాలి, లేదా నరం నలుగుతూ ఉండాలి. నరమే అయితే, తేల్చకుండా ఇంటికి పంపిన మనిషి మళ్లీ లేచి నడుస్తాడని చెప్పలేం. అందుకే ఆరు దాటితే అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపిస్తాం.

మూడూ చేశాడు. నాలుగోది రాలేదు.

"పెద్దాసుపత్రికి మాత్రం వద్దు సిస్టర్. చీకటి పడేలోపు వస్తానని మా పాపకి మాటిచ్చాను," అన్నాడు.

అతని అక్క నన్ను పక్కకి పిలిచింది. "పాపకి ఆరేళ్లు. వాళ్లమ్మ పోయినేడు అక్కడికే వెళ్లి, మరి రాలేదమ్మా."

ఐదున్నరకి ఆ అక్కే బాత్రూంలోంచి కొలత జగ్గు తెచ్చి బల్ల మీద పెట్టింది. "వచ్చిందమ్మా," అంది. దూరం నుంచే గీత చూశాను. మూడు వందల యాభై మిల్లీలీటర్లు. నీళ్లలా తేటగా ఉంది. అన్ని సెలైన్లు ఎక్కితే అలాగే ఉంటుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అనుకుంటే నేనూ ఇంటికెళ్లొచ్చు. ఫారంలో అంకె వేసి సంతకం పెట్టేశాను.

వాళ్లు వీల్‌చైర్లో బయటికి వెళ్లగానే, పారబోద్దామని జగ్గు ఎత్తాను. చల్లగా ఉంది. అప్పుడే ఒంట్లోంచి వచ్చింది వెచ్చగా ఉండాలి. రాసే ముందు జగ్గు చేత్తో పట్టుకోమని కొత్త నర్సులకి మొదటి రోజే చెప్పేదాన్ని నేనే.

నడుం పట్టుకుని పరుగెత్తాను. కారు తలుపు తీసే ఉంది.

"ఎక్కకండి," అన్నాను.

అక్క తల దించుకుంది. "కుళాయి నీళ్లు పట్టానమ్మా. వాడికి తెలీదు."

"నాకు తెలుసు," అన్నాడు తమ్ముడు.

ఇద్దర్నీ దులిపేద్దామనుకున్నాను. కానీ సంతకం నాది కదా.

వెనక్కి తీసుకొచ్చి స్కాన్ పెడితే మూత్రసంచిలో ఎనిమిది వందల మిల్లీలీటర్లు నిలిచిపోయి ఉంది. డాక్టరుగారు వచ్చి కాళ్లు పరీక్షించి, మూత్రానికి ట్యూబు వేయించి, "పెద్దాసుపత్రికి పంపించెయ్యండి," అన్నారు. ఫారంలో అంకె కొట్టేసి సున్నా వేశాను.

పాపకి చెప్పడం అతని వల్ల కాలేదు. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నాన్న రేపొస్తాడమ్మా," అన్నాను.

"అమ్మ కూడా రేపొస్తానంది," అంది పాప. ఏడవలేదు. ఏడ్చినా బావుండేది.

ఇంటికెళ్లి నడుం వాల్చడం తప్ప ఏమీ వద్దనిపించిన రోజది. అయినా అక్కతో అన్నాను, "మీరెళ్లి పాపని పెద్దాసుపత్రి గేటు దగ్గరికి తీసుకురండి. ఇతనితో నేనెళ్తాను."

గేటు ముందు అంబులెన్సు ఆపించి వెనక తలుపు తీయించాను. పాప అత్త చెయ్యి వదిలి వచ్చింది.

"రేపు ఎన్నింటికొస్తాడు?" అని నన్నడిగింది.

ఇంకో అబద్ధానికి నాకు ఓపిక లేదు. "నాకూ తెలీదమ్మా. తెలియగానే నేనే ఫోన్ చేస్తాను."

పాప దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి వాళ్ల నాన్న పాదం పట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"వెచ్చగానే ఉంది," అంది.

ఈసారి నేనూ పట్టుకుని చూశాను.